ట్రాక్టరొచ్చే వేళకి అయిపోయే సినిమా

మా పక్క గోడ మనిషి పోయిన సంగతి నాకు మసీదు మైకులో తెలిసింది. పొద్దున్నే కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. మైకు కరకరమనగానే, మబ్బు పట్టింది కాయలు కప్పుకోండని చెబుతారేమోనని ముందు ఆకాశం వైపు చూశాను. మబ్బేమీ లేదు. పరుపుల సాయిబు గారు తెల్లవారుతుండగా కాలం చేశారు, మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి అని చెప్పారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గోడకి ఇవతల నేనుంటే ఊరందరితో పాటు నాకూ మైకులో చెప్పడమేమిటి? చేతిలో కర్ర అక్కడే పడేసి వెళ్ళి ఆయన భార్యని అదే అడిగాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “గుండెల్లో నొప్పని లేచి కూర్చున్నప్పుడు నిన్ను పిలుద్దామన్నాను వదినా. వద్దన్నాడు. అక్కకి చెప్పమాకండి, కంగారు పడుద్దన్నాడు.”

పోతూ పోతూ కూడా ఆ మాటే. ఆ మాట నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఆ గోడకి అవతల ఏం జరిగినా ఆయన ముందు అనే మాట అదే. అక్కకి చెప్పకండి. నేనంటే ఊళ్ళో అందరికీ తెలుసు. గాలి వీస్తే కాయలు ఎగిరిపోతాయని భయం, వీయకపోతే బూజు పడతాయని భయం. ఒకసారి ఆయన గోడ మీద చేతులు పెట్టుకుని అడిగాడు, “అక్కా, నువ్వు భయపడ్డ వాటిల్లో ఎన్ని జరిగినయ్యి చెప్పు?” అని. భయపడ్డాను కాబట్టే జరగలేదన్నాను.  ఆయన దగ్గర జవాబు లేని సందర్భాలు తక్కువ, అందుకని అది నాకు గుర్తుంది.

ఆయన పోయిన తర్వాత మా ఊరి పిల్లలు, అంటే అప్పటి పిల్లలు, ఇప్పుడు మీసాలొచ్చిన వాళ్ళు, ఆయన మీద చిన్న పుస్తకం వేస్తామని వచ్చారు. ఆట నడిచిన కల్లం నాది కాబట్టి నన్నూ రాయమన్నారు. నేను నాలుగో తరగతి దాకా చదివాను. నా అక్షరాల్లో తప్పులుంటే వాళ్ళు దిద్దుకోవచ్చు. నా మాటల్లో తప్పులున్నాయనుకుంటే మాత్రం దిద్దొద్దని ముందే చెప్పాను. ఎందుకంటే ఈ పుస్తకంలో మిగతా వాళ్ళు ఏం రాస్తారో నాకు తెలుసు. సెంటరులో కట్టిన ఫ్లెక్సీ చూశాను. ‘క్రీడా పిపాసి’ అని రాయించారు. ఆయనకి ఉన్న పిపాస టీ ఒక్కటే. పల్లెకి కొత్త ఆట తెచ్చిన మహానుభావుడని కూడా రాయించారు. అది ఏ ఆటో ఆయనకే తెలియదు. నిజం ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను.

ఆయన పని దూది ఏకి పరుపులు కుట్టడం. మా కల్లానికి ఆనుకుని రేకుల షెడ్డు. అందులో దూది ఏకే విల్లు మోగినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు గలగలలాడేవి, దూది పొగలాగా లేచి వచ్చి నా మిరపకాయల మీద వాలేది. ఎర్రటి కాయల మీద తెల్లటి నూగు. గుంటూరు మిరప యార్డులో కొనేవాడు దాన్ని బూజనుకుంటే నా గతేమిటి? ఈ సంగతి మీద మా మొదటి తగాదా. పెళ్ళికి పరుపులు కుట్టించుకున్న వాళ్ళకి టీవీ, వీసీపీ కూడా ఆయనే అద్దెకిచ్చేవాడు. పరుపులు, సినిమాలు రెండూ ఒకే బండి మీద వెళ్ళేవి.

ఆ సినిమా మా ఊరికి రావడం కూడా పొరపాటే. ఎవరిదో పెళ్ళికి దేవుడి సినిమా కావాలంటే గుంటూరు వెళ్ళి తెచ్చాడు. పందిట్లో పెట్టి చూస్తే డబ్బా మీద దేవుడున్నాడు గానీ లోపల వేరే క్యాసెట్టు ఉంది. తెల్లవాళ్ళ సినిమా. సగం మనుషులు, సగం బొమ్మలు. ఒక కొంగ బంతి పట్టుకుని ఎగురుతోంది. పెళ్ళివారు నానా మాటలన్నారట. మర్నాడు తిరిగి ఇచ్చేద్దామని వెళ్తే ఆ కొట్టు ఎత్తేశారట. క్యాసెట్టు మా పక్కింట్లో ఉండిపోయింది. నా కర్మ అక్కడ మొదలైంది.

మిరప కోతలప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళు ఇంట్లో ఉండరు. పొద్దున్నే ట్రాక్టరు ట్రక్కులో చేలకి పోతే పొద్దు వాలేటప్పుడు వస్తారు. చంటిపిల్లల్ని తీసుకుపోతారు గానీ కాస్త నడిచే పిల్లలు చేలో ఉంటే కళ్ళు మండుతాయని ఊళ్ళోనే వదిలేసేవాళ్ళు. బడికి పోయేవాళ్ళు బడికి, పోనివాళ్ళు వీధికి. బడైనా మధ్యాహ్నం దాటితే ఎవరుంటారు? ఆ పిల్లలందరినీ ఈయన షెడ్డులోకి పిలిచి, కుట్టిన పరుపుల మీద కూర్చోబెట్టి, ఆ క్యాసెట్టు వేసేవాడు. వేరే సినిమాలు అద్దెకి పోయేవి. అద్దెకి పోనిది ఇదొక్కటే. అందుకని రోజూ ఇదే.

ఇంగ్లీషు ఆయనకి రాదు, పిల్లలకీ రాదు. అందుకని టీవీ గొంతు పూర్తిగా తగ్గించి, తనే పక్కన నిలబడి కథ చెప్పేవాడు. చేతిలో దూది కర్ర. దాంతో చూపిస్తూ చెప్పేవాడు. మా కల్లంలోకి అంతా వినపడేది, వినకూడదనుకున్నా వినపడేది. కాలు విరిగి ఆట మానేసిన ఒక పొడుగాటి మనిషి. ఆయనకి ఇద్దరు పిల్లలు. పిల్లలు ఇంటి గోడ మీద బొమ్మలు వేశారు. కొంగ, గాడిద, ముంగిస. ఊరవతల చెడ్డవాళ్ళు గీసిన తోడేళ్ళున్నాయి. అవి వచ్చి, మాతో బంతాట ఆడండి, ఓడిపోతే మీ గోడకి సున్నం కొట్టేస్తామన్నాయి. అప్పుడు గోడ మీది బొమ్మలు కిందికి దూకి, ఆ కుంటి నాయన పక్కన ఆటకి నిలబడ్డాయి. గాడిద ఆయన్ని వీపు మీద ఎక్కించుకుంది. కొంగ మెడ చాపి ఎత్తు గంపలో బంతి వేసింది. ఇదంతా సినిమాలో నిజంగా ఉందో, ఈయన అల్లాడో ఎవరికి తెలుసు? కరెంటు పోయినా కథ ఆగేది కాదు. టీవీ నల్లగా ఉండేది, ఈయన చెబుతూనే ఉండేవాడు. పిల్లలు ఆ నల్ల టీవీ వైపే చూస్తుండేవాళ్ళు.

చూసి ఊరుకుంటే నాకేం? ఆటకి దిగారు. ఊళ్ళో చదునైన నేల ఎక్కడుంది? నా కల్లం. పేడతో అలికి, రోలరు తిప్పి, గచ్చులాగా చేసుకున్న నేల. చివర ఒక రాటకి నా మిరపకాయల గంపే కట్టారు, నన్ను అడగకుండా. గంపకి అడుగు కోస్తామంటే నేను ఒప్పుకోలేదు, గంపలు ఊరికే వస్తున్నాయా? అందుకని మా ఊళ్ళో బంతి గంపలో పడితే కిందికి రాదు, అక్కడే ఉంటుంది. ఎవడో ఒకడు ఇంకొకడి భుజాలెక్కి తియ్యాలి. ఆ కింద ఉన్నవాడు గాడిద. గాడిద బంతిని ముట్టుకోకూడదు. ఇదీ మా ఊరి చట్టం. బంతి కూడా ఈయనే కుట్టాడు. నీలం గీతల పరుపు గుడ్డలో ఏకిన దూది కూరి కుట్టిన బంతి. అది నేలకేసి కొడితే లేవదు. పిల్లిలాగా పడుకుంటుంది. అందుకని మా వాళ్ళకి బంతిని నేలకి కొట్టడమనేదే తెలియదు, చేతి నుంచి చేతికి విసురుకోవడమే.

కాయలు ఆరబోసిన రోజుల్లో కల్లంలోకి రావద్దని కర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. ఎండిన కాయ తొక్కితే పగులుతుంది, గింజ రాలుతుంది, అది తాలు కాయల కింద సగం ధరకి పోతుంది. ఆ మాటంటే ఈయన గోడ మీంచి, “దూది బంతేగా అక్కా, కాయకి దెబ్బ తగలదు” అనేవాడు. బంతికి కాళ్ళు లేవయ్యా, నీ పిల్లలకున్నాయి అనేదాన్ని. ఇంకొకటి చెప్పాలి. ఆ దూది బంతి కల్లంలో దొర్లి దొర్లి మిరప దుమ్మంతా పీల్చుకునేది. దాన్ని పట్టుకున్న చేత్తో పిల్లలు కళ్ళు నలుపుకునేవాళ్ళు. ఇక చూడండి, కల్లమంతా ఏడుపులు. ఈయన పాలలో గుడ్డ ముంచి వరసగా కళ్ళు అద్దుతూ, ఇది తోడేళ్ళ మాయ అని కథలో కలిపేసేవాడు. దుమ్ము దులిపి బంతిని ఉతకొచ్చుగా? ఉతికితే దూది ఉండ కడుతుందట.

పండక్కి నా గోడకి సున్నం వేయించాను. అంతకుముందే పిల్లలు దాని మీద బొగ్గుతో కొంగని, గాడిదని గీసి ఉన్నారు. నాకేం తెలుసు? నా గోడ, నా సున్నం. ఆ రోజు నుంచి నన్ను తోడేలు అనడం మొదలుపెట్టారు. కల్లంలోకి అడుగుపెడితే, ఒరేయ్ తోడేలొస్తోందిరా అని పరుగు. ఈయన మందలించాడా? లేదు. తోడేలు లేకపోతే ఆట ఎట్టా నడుస్తుందక్కా అని నాతోనే అన్నాడు.

ఇవన్నీ పైపై కోపాలు. అసలు కోపం వేరే ఉంది. అది రాయాలా వద్దా అని పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నాకు ఒక్కతే కూతురు. పత్తి చేలో పాము కరిచి పోయింది. అప్పటికి దాని బిడ్డకి సరిగా మాటలు కూడా రాలేదు. అల్లుడు తన దారి తను చూసుకున్నాడు. మనవరాలు నా దగ్గర మిగిలింది. చచ్చిపోవడమంటే ఏమిటో ఆ వయసు పిల్లకి ఎవరు చెబితే అర్థమవుతుంది? చెప్పాను. తల ఊపింది. మర్నాడు మళ్ళీ, అమ్మ ఎప్పుడొస్తుందని అడిగింది. అదీ ఆ పరుపుల మీద కూర్చుని రోజూ ఆ సినిమా చూసేది.

ఆ సినిమా చివర్లో, ఆట గెలిచాక, ఒక ఆడమనిషి బండి దిగి పరుగెత్తుకుంటూ వచ్చి పిల్లలిద్దరినీ ఎత్తుకుంటుంది. పసుపు గౌను. ఈయన అక్కడ దూది కర్ర పైకెత్తి, “అదిగో అమ్మ. చేలో పని అయిపోయింది, అమ్మ వచ్చేసింది” అనేవాడు. ఆ మాటకి సరిగ్గా బయట ట్రాక్టరు వచ్చేది. అది అనుకోకుండా జరిగేది కాదు. చేలో పని ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని, దానికి తగ్గట్టు క్యాసెట్టు వేసేవాడు. ట్రాక్టరు ఆలస్యమైతే కొంగ చేత ఇంకో నాలుగుసార్లు బంతి వేయించేవాడు. బండి చప్పుడు వినపడగానే తోడేళ్ళని ఓడించేసేవాడు. పిల్లలంతా షెడ్డులోంచి ఒక్కసారి బయటికి పరుగెత్తేవాళ్ళు. ట్రక్కులోంచి ముక్కుకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు దిగేవాళ్ళు. చేతులు మండుతున్నా ఎవరి పిల్లని వాళ్ళు మోచేతులతో ఎత్తుకునేవాళ్ళు.

నా మనవరాలు కూడా అందరితో పాటు పరుగెత్తేది. ట్రక్కు దగ్గర నిలబడి, దిగే ప్రతి మొహం వైపు చూసేది. అందరూ దిగిపోయాక ట్రక్కు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసేది. లోపల ఖాళీ సంచులుండేవి.

కల్లంలోంచి నేనిది చూశాను. మొదటి రోజు నాకు అర్థం కాలేదు. మర్నాడూ అదే. ఆ తర్వాత రోజు చేతిలో కర్రతోనే షెడ్డులోకి వెళ్ళాను. పిల్లలు లేని వేళ చూసుకునే వెళ్ళాను. ఆయన పరుపు అంచు కుడుతున్నాడు. “నీ సినిమాలో వాళ్ళమ్మ రోజూ వచ్చుద్ది. మా పిల్లకెవరొస్తారో చెప్పు” అన్నాను. ఆయన సూది ఆపాడు. నేను ఇంకా చాలా అన్నాను. అవి రాయను.  ఆయన తల వంచుకుని దారం పళ్ళతో తెంపాడు. ఎంత గట్టివాడో చూడండి, తప్పయిందక్కా అన్న మాట కూడా రాలేదు. ఇక ఆ గడప తొక్కకూడదనుకున్నాను. మాటలు గోడ మీంచే, అదీ తగాదాలకే.

పిల్లని పంపకూడదనుకున్నాను గానీ ఎలా ఆపను? నేను కాయల దగ్గర ఉంటే అది గోడ సందులోంచి దూరిపోయేది. కానీ ఆ తర్వాత ఒక మార్పు చూశాను. ట్రాక్టరొచ్చే వేళకి పిల్లలంతా ట్రక్కు వైపు పరుగెత్తితే, ఇది మాత్రం కల్లంలోకి పరుగెత్తుకొచ్చేది. కాయల మీంచి అడ్డంగా, తొక్కుకుంటూ వచ్చి నా మోకాళ్ళకి కొట్టుకునేది. నేను తిట్టేదాన్ని. కాయలు తొక్కమాకని ఎన్నిసార్లు చెప్పానని. అది నవ్వేది. పోనీలే, ట్రాక్టరు పిచ్చి దానంతటదే తగ్గింది, పెద్దదవుతోంది అనుకున్నాను. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. చెబితే కంగారు పడతానుగా.

ఏళ్ళు గడిచాయి. ఈ పిల్లలు హైస్కూలుకి వెళ్ళాక, సత్తెనపల్లిలో బడుల మధ్య ఆటల పోటీలు జరుగుతుంటే, గంపాట కూడా ఉందని ఎవరో చెబితే వీళ్ళంతా వెళ్ళారు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు, ఎవడి కాలు విరుగుతుందో అని. అక్కడ గంప కాదట, ఇనుప చుట్టంట. బంతి నేలకి కొడితే తల దాకా లేస్తుందట. మా వాళ్ళు దాన్ని నేలకి కొట్టకుండా చంకలో పెట్టుకుని పరుగెత్తారట. ఈలేసి ఆపారట. మళ్ళీ పరుగెత్తారట. చివరికి ఒకడు ఇంకొకడి భుజాలెక్కి బంతి వేశాడట. వేశాడు గానీ అక్కడ గాడిద లెక్కలో లేదట. చూసేవాళ్ళంతా నవ్వి నవ్వి, ఏ ఊరురా మీది అని అడిగారట.

వాళ్ళు మొహాలు వేలాడేసుకుని వచ్చి షెడ్డు ముందు కూర్చున్నారు. ఇప్పుడైనా ఆ మనిషికి బుద్ధి వస్తుందనుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన అంతా విన్నాడు. టీ తాగాడు. “వాళ్ళు సినిమా చూడలేదురా. ఏం చేస్తారు, పాపం” అన్నాడు.

పిల్లలు ముందు బిత్తరపోయారు. తర్వాత ఒకడు నవ్వాడు. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరు ఏ తప్పు పట్టినా అదే మాట. పంచాయితీలో ఎవరైనా అడ్డంగా మాట్లాడితే, పోనీండి ఆయన సినిమా చూడలేదు అంటారు. ఇదీ ఆయన మా ఊరికి చేసిన ఉపకారం. పిల్లల్ని సరైన ఆట నేర్చుకోనివ్వలేదు. ఇప్పటికీ పక్క ఊళ్ళ వాళ్ళు మా గంపాట చూడటానికి వస్తారు. ఆఖరి మిరప టిక్కీ మూతి కుట్టి యార్డుకి ఎత్తించిన మర్నాడు, ఖాళీ కల్లంలో గంప కడతారు. పెళ్ళయిన వాళ్ళు కూడా గాడిదలై నిలబడతారు. ట్రాక్టరు ట్రక్కు మీద కొంగ బొమ్మ వేయించారు. పుట్టిన పిల్లలకి ఈయన కుట్టిచ్చిన చిన్న పరుపుల మీద మూల ఒక ముంగిస ఉంటుంది, దారంతో. నాకు మాత్రం ఏటా అదే తగాదా. ఇంకా నాలుగు కాయలు నేల మీదుంటే గంప కట్టడానికి వీల్లేదని నేను, అవి తాలు కాయలేగా అక్కా అని ఆయన.

తర్వాత ఊళ్ళోకి కేబులు వచ్చింది. ఒక ఆదివారం ఆ సినిమానే తెలుగులో మాటలు పెట్టి వేశారు. వీధి వీధంతా టీవీల ముందు కూర్చున్నారు. నేనూ మనవరాలూ మా ఇంట్లో చూశాం. అప్పటికి అది ఓణీ వేసుకునే పిల్ల. కథ అంతా వేరు. తోడేళ్ళు సున్నం ఊసే ఎత్తలేదు. ఆ పొడుగాయన కాలు విరగలేదు, ఊరికే అలిగి ఆట మానేశాడట. ఒక్కొక్కటీ బయటపడుతుంటే నాకు లోపల ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. చూశావా, ఇన్నేళ్ళూ మీకు ఎన్ని అబద్ధాలు చెప్పాడో చూశావా అని ప్రతి సీనుకీ అన్నాను. అది టీవీ వైపే చూస్తూ కూర్చుంది.

చివరికి ఆ పసుపు గౌను మనిషి బండి దిగింది. ఆమె వాళ్ళమ్మ కానే కాదు. ఆట నేర్పే టీచరట. పిల్లల తల్లి ఏమైందో సినిమాలో చెప్పనే లేదు. నేను మనవరాలి వైపు చూశాను. దాని మనసు ఎక్కడ విరుగుతుందో అని టీవీ కట్టెయ్యబోయాను.

“టీచరంట! కాదమ్మమ్మా. ఆమె వాళ్ళమ్మమ్మ” అంది అది.

 అమ్మ అని కదా ఆయన చెప్పింది అన్నాను. “ముందు అమ్మనే చెప్పాడు. తర్వాత ఒకరోజు అమ్మమ్మ అన్నాడు. ఆ రోజు నుంచీ అమ్మమ్మే” అంది. అందరూ గోల చేశారట, అమ్మమ్మ అంత పడుచుగా ఉందేంటని. ఆ దేశంలో అమ్మమ్మలు అట్టాగే ఉంటారు, మిరపకాయలు తిరగెయ్యరు కదా అన్నాడట. చేలో పని చేసే అమ్మలు ట్రాక్టరులో వస్తారు, అమ్మమ్మలు ఎక్కడికీ పోరు, కల్లంలోనే ఉంటారు, అందుకని వాళ్ళ దగ్గరికి మనమే పరుగెత్తాలి అన్నాడట. పిల్లలందరికీ చెప్పి, కర్ర చూపించి, ఈ మాట పక్కింటి అక్కకి మాత్రం చెప్పమాకండి అన్నాడట.

ఊరి పిల్లలందరూ అన్నేళ్ళు ఆ మాట దాచారు. నా ఒక్కదానికే తెలియదు.

నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆయన అవతల మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ సినిమా ఆయనా చూసే ఉంటాడు, ఆయన ఇంట్లో టీవీ ఇంకా మోగుతోంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమడుగుదామని వెళ్ళానో అది అడగలేదు. నీ దూది మళ్ళీ నా కల్లంలోకి వస్తోంది, రేకు అడ్డం పెట్టుకోవచ్చుగా అన్నాను. ఆదివారం, ఆ రోజు ఆయన విల్లు పట్టనే లేదు. “అట్టాగే అక్కా” అన్నాడు. ఇక ఆ సంగతి ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడిగినా ఏదో ఒక అబద్ధమే చెప్పేవాడు.

మనవరాలు ఇప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. మైకులో చెప్పిన రోజు మధ్యాహ్నానికి వచ్చింది. బస్సు దిగి ముందు సాయిబు ఇంటికి వెళుతుందనుకున్నాను. కాదు. నిండుగా ఆరబోసిన కాయల మీంచి, చిన్నప్పటి లాగే అడ్డంగా తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఇంత పొడుగు పిల్ల, మోకాళ్ళకి కాదు, భుజానికి కొట్టుకుంది. చెప్పులైనా విప్పలేదు.

నమాజు అయ్యాక మగవాళ్ళు ఆయన్ని మోసుకుని మా కల్లం పక్క బాట మీంచే తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం గోడ దగ్గరే నిలబడిపోయాం. మోసే వాళ్ళలో సగం మంది ఆ పరుపుల మీద కూర్చున్న పిల్లలే. భుజం మార్చుకునేటప్పుడు ఒకడు రాట వైపు చూశాడు. రాటకి గంప లేదు. కోతలు అవ్వలేదు, కాయలు నేల మీదున్నాయి, నేను కట్టనివ్వలేదు.

వాళ్ళు మట్టి చేసి తిరిగి వచ్చాక నేనే అటక మీంచి గంప దించి ఇచ్చాను. ఈ ఒక్క ఏడాదే అని గట్టిగా చెప్పాను. ఒకడు గాడిదయ్యాడు, ఒకడు ఎక్కి కట్టాడు. షెడ్డులో మేకుకి వేలాడుతున్న గీతల బంతిని మనవరాలు తెచ్చింది. కాయల మధ్య నిలబడి విసిరింది. అది చప్పుడు లేకుండా గంపలో పడింది.  ఎవరూ ఎక్కి తియ్యలేదు. కాళ్ళ కింద కాయలు పగులుతున్నా నేను ఏమీ అనలేదు. ఆ రోజు మిరప ఘాటు ఎక్కువగా ఉంది, అందరి కళ్ళూ కారుతున్నాయి, నా కళ్ళు కూడా.

బంతి ఇంకా అక్కడే ఉంది. కాయలు ఎత్తేదాకా అక్కడే ఉండనీ అన్నారు. వాళ్ళకేం, చెప్పి వెళ్ళిపోయారు. అది దూది. ఒక్క వాన పడితే నీళ్ళు తాగి ఉండ కడుతుంది, తర్వాత కుళ్ళుతుంది. మళ్ళీ కుట్టేవాడు లేడు. అందుకని యూరియా సంచి ఒకటి కోసి గంప నెత్తిన కట్టించాను. గాలి వీచినప్పుడల్లా అది పటపటమని కొట్టుకుంటుంది. ఇప్పుడు సాయంత్రం ట్రాక్టరొచ్చే వేళ పిల్లలు అటు పరుగెత్తుతుంటే, నేను కల్లంలో నిలబడి మబ్బు ఎటు నుంచి వస్తోందో చూస్తుంటాను. ముందు గంప వైపు చూస్తాను. కాయల వైపు తర్వాత.